మనసు బాగోలేదన్నవారిని ఏం తింటున్నారని కూడా అడగాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

పత్రికల ఆరోగ్య పేజీల్లో ప్రాసెస్డ్ ఆహారం గురించి వచ్చే వ్యాసాలను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. ఊబకాయం, మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు అనే నాలుగింటి చుట్టూనే ఆ వ్యాసాలు తిరుగుతుంటాయి. అవన్నీ రాయవలసిన విషయాలే. అయితే అదే ఆహారం మెదడు మీద, మనోస్థితి మీద చూపే ప్రభావం గురించి గత పదిహేనేళ్లలో పోగుపడిన పరిశోధన తక్కువేమీ కాకపోయినా, ఆ విషయాన్ని ఒక్క వాక్యంలో ముగించడమో, ఫలానా ఆహారంతో కుంగుబాటు మాయమవుతుందన్న ధోరణిలో పెద్ద శీర్షిక పెట్టడమో తప్ప నడుమ దారి కనిపించడం లేదు. పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్న నాకు ఈ రెండు పద్ధతులూ పాఠకుడికి నష్టమే చేస్తున్నాయనిపిస్తోంది. మానసిక సమస్యతో వైద్యుడి దగ్గరకు వెళ్లినవారిని నిద్ర గురించీ మద్యం గురించీ అడిగినట్టే తిండి గురించి కూడా అడగాలనీ, ఆ ప్రశ్న రోగి మీద నింద మోపేదిగా గానీ మందుల స్థానాన్ని ఆక్రమించేదిగా గానీ ఉండకూడదనీ చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఏ ఆహారం గురించి మాట్లాడుతున్నామో స్పష్టం చేసుకోవాలి. వండడం, రుబ్బడం, ఎండబెట్టడం, పులియబెట్టడం, గడ్డకట్టించి దాచడం కూడా ప్రాసెసింగే. వీటిలో చాలా పద్ధతులు మనిషికి మేలే చేశాయి కాబట్టి అన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. బ్రెజిల్‌లోని సావోపాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మొంటేరో 2009లో ప్రతిపాదించగా, తర్వాత ‘నోవా’ అనే పేరుతో ప్రపంచమంతటా పరిశోధకులు వాడుతున్న వర్గీకరణలో నాలుగు తరగతులున్నాయి. ధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు వంటివి మొదటి తరగతి. వంటలో వాడే నూనె, ఉప్పు, చక్కెర రెండవది. ఈ రెండింటినీ కలిపి చేసే సాదా జున్ను, ఉప్పునీటిలో నిల్వ చేసిన కూరగాయల వంటివి మూడవది. పంటల నుంచి విడదీసిన పిండిపదార్థాలు, నూనెలు, చక్కెరలు, ప్రొటీన్లను మళ్లీ కలిపి, రంగు, రుచి, సువాసన, మెత్తదనం కోసం రకరకాల రసాయనాలు చేర్చి ఫ్యాక్టరీలో తయారుచేసేవి నాలుగవ తరగతి. వీటినే అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం అంటున్నారు. శీతల పానీయాలు, చిప్స్, క్రీమ్ బిస్కట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్, సాసేజ్‌ల వంటి మాంసపు ఉత్పత్తులు ఈ కోవలోకి వస్తాయి. ఈ లేఖలో నేను ప్రస్తావించేది ఈ నాలుగవ తరగతినే.

క్రీమ్ బిస్కట్ ప్యాకెట్‌ను ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. పదార్థాల పేర్లను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది లేబుళ్లకు ఉన్న నియమం కాబట్టి ఆ వరుస చాలా సంగతులు చెబుతుంది. సాధారణంగా మైదా, చక్కెర, పామాయిల్ మొదటి మూడు స్థానాల్లో ఉంటాయి. తర్వాత ఇన్వర్ట్ సిరప్ పేరుతో చక్కెర మరోసారి వస్తుంది. ఆపైన పిండిని పొంగించడానికి 500, 503 సంఖ్యలు గల లవణాలు, నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచడానికి 322, 471 సంఖ్యలు గల ఎమల్సిఫయర్లు, చివర కృత్రిమ సువాసన. వీటిలో 322 అనేది లెసిథిన్. గుడ్డు సొనలో సహజంగానే ఉండే పదార్థం. కనుక అంకె కనబడినంత మాత్రాన బెదిరిపోనక్కర లేదు. ఆలోచించవలసిన సంగతి వేరే ఉంది: ఆ జాబితా మొత్తంలో పీచు చెప్పుకోదగ్గంతగా ఉన్న పదార్థం ఒక్కటీ లేదు, నమలవలసిన శ్రమ లేదు, చక్కెర, కొవ్వు మాత్రం ఏ పండులోనూ ఏ గింజలోనూ కనిపించనంత దగ్గరగా కలిసి ఉన్నాయి.

ఆ కలయికకు మెదడు ప్రత్యేకంగా స్పందిస్తుంది. యేల్ విశ్వవిద్యాలయంలో డానా స్మాల్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో కొవ్వు మాత్రమే ఉన్నవి, పిండిపదార్థం మాత్రమే ఉన్నవి, రెండూ కలిసినవి అయిన చిరుతిళ్ల చిత్రాలను చూపి, వాటి కోసం ఎంత చెల్లిస్తారని అడిగారు. కేలరీలు సమానమే అయినా, ఇష్టం సమానమే అయినా, రెండూ కలిసిన చిరుతిళ్లకే జనం ఎక్కువ విలువ కట్టారు. ప్రతిఫలాన్ని అంచనా వేసే మెదడు భాగాలు కూడా వాటికే ఎక్కువగా స్పందించాయి. ‘ఒక్కటి తిని ఆపలేకపోతున్నాను’ అని బాధపడేవారికి ఈ సంగతి తెలియాలి. ఆపలేకపోవడాన్ని కేవలం మనోబలం లోపంగా చూడడం అన్యాయం, ఎందుకంటే ఆపడం కష్టమయ్యేలా ఆ పదార్థం రూపొందింది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం ఈ మాటను మరింత గట్టిగా నిలబెట్టింది. 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం, రెండు వారాలు సహజమైన ఆహారం పెట్టారు. ముందుంచిన భోజనంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండు విడతల్లోనూ సమానంగా ఉండేలా చూశారు. ఎంత తినాలన్నది వారి ఇష్టానికే వదిలేశారు. అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం పెట్టిన రోజుల్లో వారు సగటున రోజుకు 500 కేలరీల దాకా ఎక్కువ తిన్నారు, వేగంగా తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. అది బరువుకు సంబంధించిన ప్రయోగమే, మనోస్థితికి సంబంధించినది కాదు. అయినా ఆకలిని అదుపు చేసేది మెదడే కాబట్టి, ఆ అదుపు ఎంత సులువుగా తప్పుతుందో అది చూపించింది.

మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతమే. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడుకునే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం దానికే పోతుంది. ఆ శక్తిని నిల్వ చేసుకునే చోటు మెదడులో దాదాపుగా లేదు కాబట్టి రక్తం ద్వారా గ్లూకోజ్ నిలకడగా అందుతుండాలి. పీచు తీసేసిన పిండి, చక్కెర వేగంగా జీర్ణమై రక్తంలో గ్లూకోజ్‌ను ఒక్కసారిగా పెంచుతాయి. దానికి జవాబుగా విడుదలైన ఇన్సులిన్ వల్ల కొందరిలో రెండు మూడు గంటల తర్వాత గ్లూకోజ్ మొదటి స్థాయి కన్నా కిందికి జారుతుంది. 1,070 మందిని పరిశీలించి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఈ జారుడు ఎక్కువగా ఉన్నవారు తొందరగా ఆకలి పడ్డారనీ, ఆ రోజు మొత్తం మీద మిగతావారి కన్నా ఎక్కువ తిన్నారనీ తేలింది. గ్లూకోజ్ మరీ తగ్గినప్పుడు శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, చెమట, అకారణమైన చిరాకు దాని లక్షణాలు. ఆందోళన సమస్య ఉన్నవారికి ఇవి బాగా పరిచయమైన లక్షణాలే కావడంతో, సాయంత్రం వచ్చే దడకు మధ్యాహ్నం భోజనానికి బదులు తాగిన శీతల పానీయం ఒక కారణం కావచ్చన్న ఆలోచన వారికి తట్టదు. ప్రతి దడకూ ఇదే కారణమని నేను అనడం లేదు. కానీ అడిగితే ఖర్చేమీ లేని ఈ ప్రశ్నను అడగకుండా వదిలేయడం మంచి పద్ధతి కాదు.

పేగుల సంగతికి వస్తే, ఇక్కడ జాగ్రత్తగా రాయవలసిన అవసరం మరింత ఉంది. ‘శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, కాబట్టి పేగు బాగుంటే మనసు బాగుంటుంది’ అనే వాక్యం ఇప్పుడు ప్రతిచోటా వినిపిస్తోంది. సెరటోనిన్ అంటే మనోస్థితితో సంబంధమున్న ఒక రసాయనం. ఆ వాక్యంలో మొదటి సగం నిజం. రెండో సగం దాని నుంచి నేరుగా రాదు, ఎందుకంటే పేగులో తయారైన సెరటోనిన్ రక్తానికీ మెదడుకూ మధ్యనున్న రక్షణ పొరను దాటలేదు; పేగు కదలికలు, రక్తం గడ్డకట్టడం వంటి పనులే దానివి. మెదడు తన సెరటోనిన్‌ను ఆహారం నుంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంతో తానే తయారు చేసుకుంటుంది. పేగుకూ మెదడుకూ అనుబంధం లేదని దీని అర్థం కాదు. ఆ అనుబంధం వేరే దారుల్లో నడుస్తుంది. పేగుల నుంచి మెదడు కాండం వరకు సాగే వేగస్ నాడిలో తంతువుల్లో అధికభాగం సమాచారాన్ని మెదడు వైపే మోసుకెళతాయి. పీచును పులియబెట్టి పేగులోని సూక్ష్మజీవులు తయారుచేసే బ్యూటిరేట్ వంటి కొవ్వు ఆమ్లాలు పేగు గోడను దృఢంగా ఉంచుతాయి. పీచు అందకపోతే ఆ ఉత్పత్తి తగ్గుతుంది. గోడ బలహీనపడితే సూక్ష్మజీవుల శకలాలు రక్తంలోకి చేరి ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే పైకి కనిపించని ఒక రకమైన వాపు ప్రక్రియను రేపుతాయి.

ఇన్‌ఫ్లమేషన్ మనసును కుంగదీయగలదన్నది ఊహాగానం కాదు. హెపటైటిస్-సి చికిత్సలో ఒకప్పుడు విరివిగా వాడిన ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే మందు రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి పనిచేసేది. దాన్ని తీసుకున్నవారిలో, అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివారితో సహా, చెప్పుకోదగ్గ సంఖ్యలో కుంగుబాటుకు గురయ్యారు. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం మనందరికీ అనుభవమే. అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం వల్ల కలిగే ఇన్‌ఫ్లమేషన్ అంత తీవ్రమైనది కాదు గానీ, అది వారాలు, నెలలు, ఏళ్ల తరబడి కొనసాగేది.

ఎమల్సిఫయర్ల మీద జరిగిన పరిశోధన కూడా ఈ కోణంలోనే ముఖ్యమైనది. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, పాలిసార్బేట్-80 అనే రెండింటిని ఎలుకలకు ఇచ్చినప్పుడు పేగు సూక్ష్మజీవుల కూర్పు మారి స్వల్పస్థాయి ఇన్‌ఫ్లమేషన్ కలిగిందని 2015లో వెలువడిన అధ్యయనం తెలిపింది. మనుషుల మీద 2022లో ప్రచురించిన చిన్న ప్రయోగంలో ఆరోగ్యవంతులకు 11 రోజులపాటు రోజుకు 15 గ్రాముల చొప్పున మొదటి పదార్థాన్ని ఇవ్వగా సూక్ష్మజీవుల వైవిధ్యం, మేలు చేసే కొవ్వు ఆమ్లాలు తగ్గాయి. మామూలుగా ఆహారంలో తీసుకునే మోతాదు కన్నా అది చాలా ఎక్కువ. పైగా పాల్గొన్నవారు 16 మందే. అందువల్ల దీన్ని ఒక హెచ్చరికగా తీసుకోవాలి, తీర్పుగా రాయకూడదు.

ఇక కడుపులోకి వెళ్లేదాని కంటే వెళ్లకుండా పోయేది నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. రోజువారీ కేలరీలలో సగం ప్యాకెట్ల నుంచి వస్తుంటే మిగిలిన సగంలోనే ఐరన్, ఫోలేట్, బి12, జింక్, మెగ్నీషియం, ఒమేగా-3 కొవ్వులు అన్నీ సర్దుకోవాలి, అది సాధ్యం కాదు. బి12 లోపం ఉన్నవారిలో మతిమరుపు, మందకొడితనం, కుంగుబాటు కనిపించడం వైద్యులందరికీ తెలిసిన విషయం. ఐరన్ లోపం వల్ల నీరసం, ఏకాగ్రత లేకపోవడం కూడా అంతే. కడుపు నిండుతూనే ఉంటుంది, శరీరం బరువు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి లోపం ఉందన్న అనుమానం రోగికీ రాదు, ఇంట్లోవారికీ రాదు.

ఇప్పుడు పెద్ద జనసమూహాల మీద జరిగిన అధ్యయనాలు ఏం చెబుతున్నాయో చూద్దాం. అమెరికాలో 42 నుంచి 62 ఏళ్ల మధ్య వయసున్న 31,712 మంది మహిళలను పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం అత్యధికంగా తిన్న ఐదో వంతు మందికి అతి తక్కువగా తిన్న ఐదో వంతు మందితో పోలిస్తే కుంగుబాటు వచ్చే అవకాశం దాదాపు 50 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ ఆహారంలో కృత్రిమ తీపి పదార్థాలతో, వాటితో చేసిన పానీయాలతో ఈ సంబంధం ప్రస్ఫుటంగా ఉంది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమగ్ర సమీక్ష దాదాపు 99 లక్షల మందికి సంబంధించిన విశ్లేషణలను ఒకచోట చేర్చి, ఆందోళన, ఇతర సాధారణ మానసిక సమస్యలతో ఈ ఆహారానికి ఉన్న సంబంధానికి బలమైన ఆధారాలున్నాయని పేర్కొంది.

సంబంధం ఉండడం వేరు, కారణం కావడం వేరు. మనసు కుంగినవాడు వంట చేసుకోలేడు. కూరగాయలు తరిగి, పొయ్యి వెలిగించి, వండి, గిన్నెలు కడుక్కోవడం ఆరోగ్యంగా ఉన్నవారికి గంట పని. కుంగుబాటులో ఉన్నవారికి పక్క మీద నుంచి లేవడమే ఒక పని. ప్యాకెట్ చింపితే చాలు అన్నప్పుడు వారు దాన్నే ఆశ్రయిస్తారు. కాబట్టి ఆహారం వల్ల కుంగుబాటు వచ్చిందా, కుంగుబాటు వల్ల ఆ ఆహారం వచ్చిందా అన్న సందేహం న్యాయమైనదే. పరిశోధకులూ దీన్ని విస్మరించలేదు. లండన్‌లోని ప్రభుత్వోద్యోగులను దశాబ్దాలుగా పరిశీలిస్తున్న వైట్‌హాల్-2 అధ్యయనం ఆధారంగా 2017లో వచ్చిన విశ్లేషణలో, తీపి పదార్థాలు, పానీయాల నుంచి రోజుకు 67 గ్రాములకు మించి చక్కెర తీసుకున్న పురుషులకు ఐదేళ్ల తర్వాత సాధారణ మానసిక సమస్యలు వచ్చే అవకాశం 23 శాతం ఎక్కువగా ఉంది. మానసిక సమస్య వచ్చాకే చక్కెర ఎక్కువ తినసాగారేమోనని విడిగా పరీక్షించగా దానికి ఆధారం కనబడలేదు. అయినా నా అభిప్రాయంలో నిజ జీవితంలో రెండు దిశలూ పనిచేస్తాయి. కుంగుబాటు ప్యాకెట్ వైపు నెడుతుంది, ప్యాకెట్ కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఏది ముందన్నది తేలేదాకా ఆగనక్కర లేదు. ఆ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపడం వైద్యుడి పని.

ఆపితే ఫలితం ఉంటుందా? ఆస్ట్రేలియాలో డీకిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెలిస్ జాకా బృందం 2017లో ప్రచురించిన ‘స్మైల్స్’ ప్రయోగం ఈ ప్రశ్నకు సూటిగా జవాబు వెతికింది. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన కుంగుబాటు ఉండి, ఆహారం కూడా నాసిరకంగా ఉన్న 67 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 12 వారాలపాటు పోషకాహార నిపుణులతో సలహాలు ఇప్పించారు. రెండో జట్టుతో అంతే సమయం కూర్చుని స్నేహపూర్వకంగా మాట్లాడారు. అప్పటికే మందులో కౌన్సెలింగో తీసుకుంటున్నవారు వాటిని కొనసాగించారు. గడువు ముగిసేసరికి మొదటి జట్టులో 32 శాతం మంది, రెండో జట్టులో 8 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు. మొదటి జట్టువారి బరువు తగ్గలేదు కాబట్టి, సన్నబడ్డామన్న సంతోషమే దీనికి కారణమనడానికి వీల్లేదు.

ఆ ప్రయోగానికి ఉన్న పరిమితులు కూడా పాఠకులకు చెప్పాలి. 67 అన్నది చిన్న సంఖ్య. మందుల ప్రయోగంలోలా ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా దాచడం ఆహారం విషయంలో కుదరదు. నిపుణుడు శ్రద్ధ చూపిస్తున్నాడన్న నమ్మకం కూడా కొంత మేలు చేసి ఉండవచ్చు. మరోవైపు యూరప్‌లో వెయ్యి మందికి పైగా పాల్గొన్న ‘మూడ్‌ఫుడ్’ ప్రయోగం 2019లో నిరాశ కలిగించింది. అధిక బరువు, స్వల్పంగా కుంగుబాటు లక్షణాలు ఉన్నవారికి ఏడాదిపాటు పోషకాల మాత్రలు, ఆహారపు అలవాట్లపై శిక్షణ ఇచ్చినా కుంగుబాటు రాకుండా ఆపలేకపోయారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: ఇప్పటికే జబ్బుపడి, నాసిరకం తిండి తింటున్నవారికి భోజనాన్ని మార్చడం చికిత్సకు తోడుగా ఉపయోగపడవచ్చు, మాత్రల సీసా ఆ భోజనానికి ప్రత్యామ్నాయం కాదు. మెదడుకు బలం అంటూ వచ్చే సప్లిమెంట్ల ప్రకటనల పక్కనే ఈ వాక్యం కూడా అచ్చయితే బాగుంటుంది.

జ్ఞాపకశక్తి విషయంలో మార్పు మరీ త్వరగా కనిపించడం నన్ను కలవరపరిచింది. ఆస్ట్రేలియాలోని మక్వారీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీవెన్సన్ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగంలో, ఆరోగ్యంగా సన్నగా ఉన్న దాదాపు 110 మంది యువతీయువకుల్లో కొందరికి ఒక్క వారం పాటు కొవ్వు, చక్కెర అధికంగా ఉన్న ఆహారం తినిపించారు. వారం తర్వాత జ్ఞాపకాలను నమోదు చేసే మెదడు భాగమైన హిప్పోక్యాంపస్‌కు సంబంధించిన పరీక్షల్లో వారు వెనకబడ్డారు. అంతేకాక, కడుపు నిండా తిన్న తర్వాత కూడా చిరుతిళ్లు తినాలన్న కోరిక వారిలో ముందున్నంతగా తగ్గలేదు. తిన్న సంగతిని గుర్తుపెట్టుకుని ఇక చాలనిపించే పనిలో హిప్పోక్యాంపస్‌కు పాత్ర ఉంది కాబట్టి, అది మందగిస్తే మరింత తినడం, మరింత తినడం వల్ల అది ఇంకా మందగించడం అన్న వలయం ఏర్పడుతుంది.

పెద్దవయసులో మతిమరుపు గురించి బ్రెజిల్‌లో 10,775 మందిని సగటున ఎనిమిదేళ్లపాటు పరిశీలించారు. అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం నుంచి రోజువారీ కేలరీలలో దాదాపు 20 శాతానికి మించి తీసుకున్నవారిలో ఆలోచనాశక్తి క్షీణించే వేగం, అతి తక్కువగా తీసుకున్నవారితో పోలిస్తే 28 శాతం ఎక్కువగా ఉందని 2022లో ప్రకటించారు. మిగతా ఆహారమంతా నాణ్యంగా ఉన్నవారిలో ఈ తేడా కనిపించకపోవడం గమనించదగ్గ విషయం. అప్పుడప్పుడు తిన్న బిస్కట్‌కు భయపడి కుంగిపోనక్కర లేదన్న ధైర్యం అందులో ఉంది. డిమెన్షియాకు, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తీవ్రంగా క్షీణించే జబ్బుకు దారితీసే, మార్చుకోగల కారణాలుగా లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2024లో గుర్తించిన 14 అంశాల్లో మధుమేహం, రక్తపోటు, ఊబకాయం, చెడు కొలెస్ట్రాల్ ఉన్నాయి. ఆరోగ్య పేజీల్లో గుండె గురించి రాసేదంతా మెదడుకూ వర్తిస్తుందన్నమాట. గుండె కోసమని ఉప్పు తగ్గించుకోని మనిషి మతి కోసమని చెబితే వింటాడేమోనని నాకు ఆశ.

పిల్లల విషయంలో ఒక అపోహను తొలగించాలి. చక్కెర తింటే పిల్లలు అదుపు తప్పి గంతులేస్తారన్న నమ్మకాన్ని జాగ్రత్తగా చేసిన ప్రయోగాలు సమర్థించలేదు; వాటన్నింటినీ కలిపి 1995లో చేసిన విశ్లేషణలో ప్రవర్తనపై చక్కెర ప్రభావం కనిపించలేదు. అయితే కొన్ని కృత్రిమ రంగుల సంగతి వేరు. ఇంగ్లాండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం 2007లో ప్రచురించిన ప్రయోగంలో, కొన్ని కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ అనే నిల్వ పదార్థం కలిపిన పానీయం తాగిన మూడేళ్ల పిల్లల్లోనూ ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల్లోనూ కొంతమేర అతిచురుకుదనం పెరిగింది. ఆ ఆధారంతోనే యూరోపియన్ యూనియన్ ఆరు రంగులు వాడిన ఆహారం మీద, పిల్లల చురుకుదనంపై, ఏకాగ్రతపై చెడు ప్రభావం పడవచ్చన్న హెచ్చరికను 2010 జులై నుంచి తప్పనిసరి చేసింది. ప్రభావం చిన్నదే, అందరు పిల్లల్లోనూ ఒకేలా లేదు. కానీ ఆ రంగుల వల్ల పిల్లలకు ఒరిగే పోషణ ఏమీ లేనప్పుడు ఆ చిన్న ముప్పును మాత్రం ఎందుకు భరించాలి?

నోవా వర్గీకరణ మీద ఉన్న విమర్శలు కూడా నిరాధారమైనవి కావు. ముడిధాన్యంతో చేసిన ప్యాకెట్ బ్రెడ్డూ, చక్కెర నీళ్లూ ఒకే తరగతిలోకి వస్తాయి. తల్లిపాలు అందని శిశువులకు ప్రాణాధారమైన పాలపొడి కూడా అందులోకే వస్తుంది. నష్టం ఎక్కువగా తీపి పానీయాలు, ప్రాసెస్ చేసిన మాంసం వైపే మొగ్గుతోందని చూపిన అధ్యయనాలున్నాయి. కనుక మొత్తం తరగతిని బహిష్కరించాలన్న పిలుపు ఆచరణలో నిలవదు. నేను మాత్రం తీపి పానీయాలతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే వాటిని మానడానికి వంట రానక్కర లేదు, వాటి స్థానంలో ఏదో ఒకటి వండిపెట్టనక్కరా లేదు.

నా పనిలో కనబడేది కొంచెం చెబుతాను. నిద్ర పట్టడం లేదనీ, దేని మీదా మనసు నిలవడం లేదనీ చెప్పి చికిత్స తీసుకుంటున్నవారు సలహా కోసం వచ్చినప్పుడు, నిన్న ఉదయం లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం తిన్నారో, ఏం తాగారో వరుసగా చెప్పమంటాను. చాలామంది మధ్యలో ఆగిపోతారు. అల్పాహారం చెబుతారు, తర్వాత నేరుగా రాత్రిలోకి వస్తారు. ఆ నడుమ గంటల్లో తిన్నది భోజనంగా వారి లెక్కలోకి రాలేదు గనుక అది గుర్తుకు రాదు. నెమ్మదిగా అడిగితే కాఫీలు, బిస్కట్లు, ఒక చిప్స్ ప్యాకెట్, సాయంత్రం ఎనర్జీ డ్రింక్ బయటపడతాయి. నిద్ర గురించి ఫిర్యాదు చేస్తున్న మనిషి సాయంత్రం కెఫీన్ తాగుతున్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కాబట్టి. తప్పు పట్టే ధోరణిలో అడిగితే ఆ జాబితా ఎప్పటికీ బయటకు రాదు. మానసిక సమస్య ఉన్నవారు తమను తాము నిందించుకోవడంలో ముందే ఆరితేరి ఉంటారు. ‘నీ తిండి వల్లే నీకీ గతి’ అన్న మాట వారి భుజాల మీద మరో బరువు పెట్టడమే. పైగా తినడంపై అతిగా ఆంక్షలు పెట్టుకునే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి. అలాంటివారికి నిషిద్ధ పదార్థాల జాబితా చేతికివ్వడం ప్రమాదకరం.

అందుకే తీసేయమనడం కంటే చేర్చమనడం నాకు మేలనిపిస్తుంది. ముందు ఒక పూట వేళకు తినడం, అందులో పప్పుధాన్యాలో గుడ్డో ఉండేలా చూసుకోవడం, రోజుకొక పండు, గుప్పెడు గింజలు. వంట చేసుకునే శక్తి లేని రోజుల్లో ఉడికించనక్కర లేనివి చేతికందేలా పెట్టుకోవడం. ఇంట్లో మరొకరు ఉంటే సలహా వారికి కూడా చెప్పాలి, ఎందుకంటే వంట భారాన్ని కుంగిపోయిన మనిషి మీద పెట్టి ఆహారం మార్చుకోమనడం అర్థం లేని పని. మందులు ఎట్టిపరిస్థితుల్లోనూ సొంతంగా మానకూడదు. ఆహారం మారాక బాగుందనిపిస్తే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. మోతాదు తగ్గించాలా వద్దా అన్నది ఆయన నిర్ణయించాలి.

ప్రభుత్వాలు చేయవలసినదీ ఉంది. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల ముందువైపు నల్లని అష్టభుజి హెచ్చరికను చిలీ 2016లోనే తప్పనిసరి చేసి, అలాంటి ఉత్పత్తుల మీద పిల్లల్ని ఆకర్షించే బొమ్మలను నిషేధించింది. వెనకవైపు చిన్న అక్షరాల్లో రాసినది చదివే ఓపిక మామూలు రోజుల్లోనే తక్కువ. మనసు బాగోలేని రోజున అసలే ఉండదు. హెచ్చరిక ముందువైపు, పెద్ద గుర్తుగా ఉండాలన్న వాదనకు ఇంతకన్నా బలమైన కారణం నాకు కనిపించదు.

చివరిగా మీ పత్రికకు నా విన్నపం. ఆహారం, మనోస్థితి గురించి ఏ పరిశోధనను ప్రచురించినా, అది ఎలుకల మీద జరిగిందో మనుషుల మీద జరిగిందో, ఎంతమంది మీద, ఎన్నాళ్లు జరిగిందో మొదటి రెండు పేరాల్లోనే రాయండి. శీర్షికలో ‘నివారణ’, ‘మాయం’ వంటి మాటలు వాడకండి. సప్లిమెంట్ల ప్రకటనలు ఆ వ్యాసం ఉన్న పేజీలోనే రాకుండా చూడండి. ఆదివారం ఆరోగ్య పేజీలో నెలకొక్కసారైనా మానసిక వైద్యులూ పోషకాహార నిపుణులూ కలిసి పాఠకుల ప్రశ్నలకు జవాబిచ్చే శీర్షిక ప్రారంభించగలిగితే, దానికి వచ్చే ఉత్తరాలను చదివి వర్గీకరించే పనిలో నా వంతు సహాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక పోషకాహార సలహాదారు